హాజరు పట్టీలో అంజలి

కడప,
18-9-2007

హంపీ,

నిన్న మధ్యాహ్నం కడప చేరాం. మా రోబో క్లబ్బు నుంచి తొమ్మిది మందిమి మీ ఊరొచ్చాం, తొమ్మిది మందిమీ క్షేమంగా తిరిగొచ్చాం. మల్టీమీటరు ఒకటి తక్కువైంది. మీ బడిలోనే ఎక్కడో ఉంటుంది. దొరికితే పిల్లల దగ్గరే ఉండనీ.

కర్నూలు హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు నువ్వు మీ కరిదొడ్డి గురించి చెబితే నవ్వేదాన్ని. బస్సు ఊరికి మూడు కిలోమీటర్ల ముందే ఆగిపోతుందంటే నమ్మలేదు. ఇప్పుడు నమ్మాను. నువ్వు ఆ బడిలోనే విద్యా వాలంటీరుగా సైన్సు చెబుతున్నావు కాబట్టి మేం రాగలిగాం. లేకపోతే మా కాలేజీ వాళ్ళకు ఆ ఊరు ఎటుందో కూడా తెలియదు.

మూడో రోజు మా పరువు పోయేదే. గీత వెంట నడిచే బండి మా ల్యాబ్‌లో పదిసార్లు నడిచింది. మీ గదిలో అంగుళం కదలలేదు. తెల్ల నేల మీద నల్ల టేపు అతికిస్తే దాని వెంట నడిచేలా చేశాం. మీ గదిలో పరిచింది నల్ల కడప బండ. బండికి ఎటు చూసినా గీతే. కడపలో పుట్టి ఆ బండల మీదే పెరిగినదాన్ని, ఆ ముక్క నాకే తట్టలేదు.

అప్పుడు అంజలి నా పక్కన కూర్చుని, "అక్కా, ఇది నల్లదాన్ని ఎతుకుతాండాది కదా. తెల్లదాన్ని ఎతకమని చెప్పలేమా?" అంది. ఏ తీగలు మార్చాలో ఒక్కసారి చూపించాను. బండికి రెండు కళ్ళు, కంటికి రెండు తీగలు. నేను తలెత్తేలోపు మార్చేసింది. ముగ్గు పిండి తెచ్చి బండ మీద గీత గీసింది. బండి ఆ గీత మీద నడుచుకుంటూ పోయి మీ హెడ్మాస్టరు గోవిందయ్య సారు కుర్చీ కిందికి దూరింది. ఆయన కాళ్ళు పైకెత్తి, "ఏమమ్మా, ఇది నన్ను తొక్కుతాదా?" అన్నాడు.

అసలు సంగతి ఇది. ఫిబ్రవరి తొమ్మిదిన మా కాలేజీ ఉత్సవంలో బడి పిల్లలకు ఇదే పోటీ ఉంది. గెలిచిన జట్టులో పదో తరగతి పిల్లలుంటే వాళ్ళకు మా ట్రస్టు జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండేళ్ళూ ఉచితం, హాస్టల్‌తో సహా. అంజలిని ఇంటర్ ఎక్కడ చదువుతావని అడిగితే, "పదితో సరి అక్కా" అంది. మాటలో బాధేమీ లేదు. అందుకే రాస్తున్నాను. అంజలి, ధనుంజయ, హనుమన్న. ముగ్గురినీ సిద్ధం చెయ్యి.

సుచరిత


కరిదొడ్డి,
21-10-2007

చీరలంగడి సెట్టెమ్మా,

మల్టీమీటరు దొరికింది. హనుమన్న దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాయన టార్చిలైటు బ్యాటరీలు కొలిచాడు. ఊళ్ళో సగం టార్చిలైట్లు కొలిచాక వెనక్కి తెచ్చాడు. నేను తిట్టలేదు.

బండికి చీమ అని పేరు పెట్టారు. వరస తప్పదు కాబట్టి చీమ అన్నాడు ధనుంజయ. "కుట్టని చీమ ఏం చీమరా" అంది అంజలి. బడి వదిలాక గంటసేపు ముగ్గురూ దానితోనే ఉంటారు. మలుపు దగ్గర చీమ గీత దాటిపోతుంటే అంజలి దాని కళ్ళు రెండూ దగ్గరికి జరిపింది. ఇప్పుడు దాటడం లేదు. సుచరితక్క చెప్పిందా అని అడిగితే లేదంది.

నిన్న వాళ్ళ నాయన శివన్న బడికొచ్చాడు. శనక్కాయ చేను ఎండిపోయింది. దీపావళి కాగానే ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కుకు సుగ్గికి పోతారు. ఊళ్ళో పని లేనప్పుడు పరాయి జిల్లాకు కూలికి పోవడాన్ని మేం సుగ్గి అంటామని నీకు హాస్టల్లోనే చెప్పాను. ముందు పత్తి, తరువాత మిరప. తిరిగొచ్చేది ఉగాదికి. పరీక్షలు ఉగాదికి ముందే అయిపోతాయి.

"ఏమప్పా శివన్నా, ఆ పిల్ల పదో తరగతి," అన్నాను.

"నాకు తెలీదా మేడమ్? ఒక్కదాన్నే ఇంట్లో ఎట్ల ఇడిసిపెట్టేది? బువ్వ ఎవురు పెడతారు?"

"బడిలోనే హాస్టల్ వస్తాండాది. సుగ్గికి పోయినోళ్ళ పిల్లలకే. బువ్వ, పడక అంతా గవర్నమెంటుదే."

"వస్తే ఇడిసిపోతా. నాకేమన్నా పిల్ల మీద పగనా?"

గోవిందయ్య సారు హాస్టల్ కావాలని జిల్లా ఆఫీసుకు రాశాడు. మా చుట్టుపక్కల రెండూళ్ళకు పోయినేడు ఇచ్చారు. మాకూ వస్తుందంటున్నాడు. వస్తే అంజలి ఉంటుంది, పోటీకి వస్తుంది, పరీక్ష రాస్తుంది. అంతా దాని మీదే ఆగింది.

హంపమ్మ


కడప,
17-11-2007

హంపీ,

మీ ఊళ్ళో కాయిన్ ఫోనుకు నాలుగు రోజులుగా చేస్తున్నాను. మోగదు. ఆదోని బస్సు కండక్టరు చేతికి పార్సిల్ ఇచ్చాను. రెండు మోటార్లు, పన్నెండు బ్యాటరీలు, ఒక సోల్డరింగ్ ఐరన్. మా అంగట్లో చీరలు కట్టే తాడుతో పార్సిల్ కడుతుంటే మా నాయన చూసి, "ఈ ఇనుప ముక్కలతో ఆ హంపమ్మ ఏం జేస్తాదమ్మా, కూర వండుతాదా?" అన్నాడు. తాడు మాత్రం ఇంకో రెండు చుట్లు ఆయనే చుట్టాడు.

పోటీ ఫారం లోపల ఉంది. ముగ్గురి పేర్లు రాసి హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర వేయించు. ఒకసారి ఇచ్చాక పేర్లు మార్చడానికి లేదు. ఇంకో మాట, పోటీలో తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల గీత ఉంటుంది. చీమను మళ్ళీ పాత పద్ధతికి మార్చాలి. అంజలికి తెలుసు కాబట్టి నాకు దిగులు లేదు.

కళ్ళు దగ్గరికి జరిపిన సంగతి మా ప్రొఫెసరుకు చెప్పాను. మూడో సంవత్సరం వాళ్ళకు ఆ ఆలోచన రాలేదే అన్నాడు. ఎందుకు జరిపిందో అంజలి చేత్తోనే నాకొక ఉత్తరం రాయించు. ఆయనకు చూపించాలి.

దీపావళి అయిపోయింది. హాస్టల్ వచ్చిందా?

సుచరిత


కరిదొడ్డి,
9-12-2007

సుచరితకు,

పార్సిల్ అందింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫారం ఇందులో పెట్టాను. మూడు పేర్లూ, సంతకం, ముద్ర ఉన్నాయి.

అంజలి బాగుంది. చేతి మీద వేడినీళ్ళు పడ్డాయి. రాయడానికి ఇబ్బందిగా ఉంది, తగ్గాక రాస్తుంది. కళ్ళ గురించి నన్ను రాయమంది. దూరంగా ఉంటే చీమ తప్పిందని ఆలస్యంగా తెలుస్తుంది, దగ్గరగా ఉంటే వెంటనే తెలుస్తుంది. అంతే.

హాస్టల్ సంగతి తేలలేదు. పిల్లలు బడికి బాగానే వస్తున్నారు.

హంపమ్మ


కడప,
12-1-2008

హంపమ్మకు,

మంగళవారం మా నాయనతో కలిసి అంగడి పని మీద కర్నూలు వచ్చాను. ఆయన పని చూసుకుంటుండగా నేను జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. మీ హాస్టల్ ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కుని నీకు రాద్దామనుకున్నాను. అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను.

"ఏ ఊరమ్మా?" అన్నాడు గుమాస్తా.

"కరిదొడ్డి సార్. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల హాస్టల్ కోసం అర్జీ పెట్టారు."

ఆయన ఫైలు తీసి వేలు పెట్టి చూశాడు. "ఈ ఊరికి హాస్టల్ ఎందుకమ్మా? ఆ ఊరి పిల్లోళ్ళు ఎవురూ సుగ్గికి పోలేదే."

"సగం మంది పోతారని మా స్నేహితురాలు రాసింది. ఆ బడిలోనే టీచరు."

"ఆ టీచరు రాసిందే ఈడుండాది సూడు. నవంబరులో నూట నలభై రెండు మందికి రోజుకు నూట ముప్పై తొమ్మిది మంది హాజరు. డిసెంబరులో నూట నలభై. మా పిల్లోళ్ళు పోయే కాన్వెంటులో గూడా ఇంతమంది రారు."

పక్క సీటాయన నవ్వాడు. నేను ఆ కాగితం చూశాను. సంతకం నీది. నీ 'హం' నాకు తెలుసు.

గుమాస్తా మంచిగానే మాట్లాడాడు. పిల్లలు పోయారని లెక్కలో ఉంటే హాస్టల్ ఇస్తామని, లేకపోతే ఇవ్వడానికి లేదని చెప్పాడు.

అంజలి ఎక్కడుంది?

సుచరిత


కరిదొడ్డి,
20-1-2008

సుచరితా,

అంజలి నవంబరు పన్నెండున వెళ్ళిపోయింది. గుంతకల్లులో గుంటూరు రైలెక్కారు. చేతి మీద వేడినీళ్ళు పడలేదు. కళ్ళ గురించి నేను రాసిన మాటలు, వెళ్ళే ముందురోజు అది ధనుంజయకు చెబుతుంటే విన్నవి.

బడి నుంచి మొత్తం అరవై ఒక్కమంది వెళ్ళారు. అరవై ఒక్కమందికీ రోజూ హాజరు వేస్తున్నాను.

ఇది నేను మొదలుపెట్టింది కాదు. ఇదే బడిలో ఎనిమిదీ తొమ్మిదీ చదివేటప్పుడు నేనూ సుగ్గికి పోయాను. నాకూ హాజరు పడింది. అందుకే నా పేరు కొట్టేయలేదు, అందుకే పదో తరగతి రాశాను, అందుకే కర్నూలు హాస్టల్లో నీ పక్క మంచం నాకు దొరికింది. మా ఊళ్ళో ఒక సారు మంచోడా కాదా అని చెప్పాలంటే, "దొడ్డ మనిషి, సుగ్గికి పోయినా పేరు కొట్టడు" అంటారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు అంజలి వాళ్ళమ్మ నాగక్క నన్ను అడిగిన మొదటి మాట కూడా అదే.

నవంబరు ఆఖరున హాస్టల్ కోసం మళ్ళీ ఒక అర్జీ, నెల హాజరు లెక్క, రెండూ సారూ నేనూ ఒకే రోజు రాసి ఒకే కవరులో పెట్టి పంపాం. ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. హాజరు వేయడం మాకు లెక్క రాసినట్టు ఉండదు. పిల్లల్ని కాపాడినట్టు ఉంటుంది.

నీ ఉత్తరం సారుకు చూపించాను. రెండుసార్లు చదివాడు. తరువాత, "ఇప్పుడు దిద్దుదామా అంటే, దిద్దినామనుకో, అంజలికి హాజరు చాలదు. హాల్ టికెట్ రాదు. దిద్దకపోతే హాస్టల్ రాదు. ఏది సెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాడు. జనవరిలో హాస్టల్ ఇచ్చినా తెరిచేసరికి మార్చి అవుతుంది. కాబట్టి ఈరోజు కూడా హాజరు వేశాను.

పిల్లల సంఖ్య తగ్గితే నా పోస్టు పోతుంది. దాని కోసం వేయలేదని రాయాలనుంది. అది పూర్తిగా నిజం కాదు.

నీకు అబద్ధం రాసినందుకు ఏమనాలో తెలియడం లేదు. అంజలి లేదని తెలిస్తే మీ క్లబ్బు మమ్మల్ని వదిలేస్తుందని భయపడ్డాను.

హంపమ్మ


కడప,
10-2-2008

హంపీ,

ఆఫీసుకు నేనేమీ రాయలేదు. రాయను. నిన్ను అడిగే హక్కు నాకు పెద్దగా లేదు. కాలేజీకి తనిఖీ వచ్చినప్పుడు మా క్లబ్బు పన్నెండు బడుల్లో రోబోలు నేర్పిందని నివేదిక ఇచ్చాం. మేం వెళ్ళింది మీ బడి ఒక్కదానికే. ఆ నివేదిక టైపు చేసింది నేను.

నిన్న పోటీ అయింది. నువ్వు రాలేదు. గోవిందయ్య సారు ఇద్దరు పిల్లలనూ తీసుకొచ్చాడు. అంజలికి జ్వరమని జడ్జీలకు చెప్పాడు. ఇద్దరితోనే ఆడనిచ్చారు.

పదిహేను జట్లు. మనది ఆరోది. మూడు నిమిషాలు గడువు. ధనుంజయ చీమను ఫ్లెక్సీ మీద పెట్టి మీట నొక్కాడు. అది ముందుకు పోలేదు. ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. నాకు వెంటనే అర్థమైంది. ఒక కంటి తీగలు మార్చారు, రెండో కంటివి మార్చలేదు. ఒక కన్ను నల్లదాన్ని వెతుకుతోంది, రెండోది తెల్లదాన్ని. నేను ఎనిమిది అడుగుల దూరంలో వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకుని నిలబడి ఉన్నాను. వాలంటీరు నోరు విప్పితే ఆ జట్టును తీసేస్తారు. ఆ నియమం రాసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఏం బాబూ, ఏమైంది మీ బండికి?" అని జడ్జి అడిగాడు.

"కండ్లు తిరుగుతాండాయి సార్," అన్నాడు హనుమన్న. జనం నవ్వారు. వాడు నవ్వించడానికి అనలేదు.

మూడు నిమిషాలూ అది తిరుగుతూనే ఉంది.

బయటికొచ్చాక గోవిందయ్య సారు, "రెండో కన్ను సంగతి ఆ పిల్లకే తెలుసమ్మా. ఈళ్ళకి చెప్పే టైము మనం యాడిచ్చినాం?" అన్నాడు.

సాయంత్రం ట్రస్టు కార్యదర్శి దగ్గరికి వెళ్ళి అంజలి గురించి చెప్పాను. ఎక్కడుందో కూడా చెప్పాను. ఆయన విన్నాడు. "పోటీ సంగతి వదిలేయండి. పదో తరగతి పాసైన కాగితంతో జూన్‌లో రమ్మనండి, సీటు నేను చూస్తా. కాగితం లేకుండా మాత్రం రాకండి," అన్నాడు. ఇక మిగిలింది పరీక్ష ఒక్కటే. హాల్ టికెట్ రాగానే అంజలికి చేర్చు.

సుచరిత


గుంటూరు జిల్లా, మిరప చేను దగ్గర,
8-3-2008

సుచరితా,

వేళ్ళు మండుతున్నాయి. అక్షరాలు సరిగా రావు.

హాల్ టికెట్ బుధవారం వచ్చింది. అదే రాత్రి రైలెక్కాను. ఇద్దరు మేస్త్రీలను అడిగి మూడో చేనులో పట్టుకున్నాను. మా ఊరివాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారు. అంజలి నన్ను చూసి తలగుడ్డ తీసింది.

"మేడమ్, మీరు ఈడికొస్తే బడిలో ఎవురుండారు?"

"నువ్వుండావు కదమ్మే," అంది మిరప సాలుకు అటువైపు నుంచి నాగక్క. "రోజూ బడికి పోతాండావంట."

ఆడవాళ్ళందరూ నవ్వారు. అంజలి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు ఎగతాళికి అనలేదు. నాకు మంచి పేరే ఉంది అక్కడ.

హాల్ టికెట్ చేతికిచ్చాను. మీ సీటు సంగతీ చెప్పాను. చేతులు లంగాకు తుడుచుకుని అంచులు పట్టుకుని చూసింది. తరువాత అడిగింది ఒకటే. "చీమ ఏమాయ మేడమ్?" చెప్పాను. "రెండో కన్ను," అంది వెంటనే.

శివన్న పంపనని అనలేదు. చిక్కు వేరే ఉంది. ఇక్కడ కోతకు జతలు కడతారు. ఒక సాలుకు ఇటొకరు అటొకరు. అంజలి, నాగక్క ఒక జత. మేస్త్రీ సుంకప్పను అడిగాను.

"జతలో ఒకరు పోతే రెండో మనిషి సాలు ఎట్ల పట్టేది మేడమ్? రైతు ఇంటిల్లిపాదినీ పంపిచ్చేస్తాడు. కొత్త మనిషిని యాడ తేవల్ల?"

"నేను నిలబడతా జతకి."

"మీరా? నిలబడండి, సూద్దాం."

నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోశాను. ఏడేళ్ళయింది కోసి. అంజలి కోసేదాంట్లో సగం కూడా కోయలేకపోయాను. మధ్యాహ్నం తెలియక కన్ను తుడుచుకున్నాను. నాగక్క కుండలో నీళ్ళన్నీ నా మొహానికే అయిపోయాయి. సుంకప్ప నా బుట్ట చూసి, "మీరు హాజరు ఏసుకునేదే మేలు మేడమ్," అన్నాడు.

సోమవారం బడికి తనిఖీ ఉంది. నేను లేకపోతే పట్టీ అడుగుతారు. ఈ రాత్రి బయలుదేరుతున్నాను. శివన్న మాటిచ్చాడు. "ఇరవై రెండుకి కోత అయి చేను తెగుతాది. ఇరవై మూడు రాత్రి నేనే రైలెక్కిస్తా." పరీక్ష ఇరవై నాలుగున ఆలూరులో. పొద్దున గుంతకల్లులో దిగితే మొదటి బస్సుకు అందుతుంది.

పుస్తకాలు ఇచ్చి వస్తున్నాను.

హంపమ్మ


కడప,
15-3-2008

హంపీ,

నీ ఉత్తరం మా నాయన చదివాడు. నేనివ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. చదివి, "ఇరవై మూడున పోయి మనమే ఎక్కిద్దాం పా. ఒకరోజు అంగడి మూస్తే ఏమవుతాది?" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మరునాడే మా ఇంటర్నల్ ప్రాక్టికల్స్ తేదీ పెట్టారు. ఇరవై నాలుగు పొద్దున్న. ప్రొఫెసరును అడిగాను. రాకపోతే గైర్హాజరు వేస్తానని, నా సంవత్సరం పోతుందని చెప్పాడు. నాయన ఒక్కడే పోతానన్నాడు. ఆయనకు ఆ చేను ఎక్కడో తెలియదు, ఆ పిల్ల ఎలా ఉంటుందో తెలియదు. అమ్మ పోనివ్వలేదు.

నేను నా హాజరు కోసం ఆగిపోతున్నాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

అంజలి చేరగానే ఆలూరు నుంచి మా అంగడికి ఫోన్ చెయ్యి.

సుచరిత


ఆలూరు,
24-3-2008, మధ్యాహ్నం

సుచరితా,

ఫోన్ చేయలేదు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది.

పరీక్ష తొమ్మిదిన్నరకు. గుంతకల్లు బస్సు ఎనిమిది ముప్పావుకు వచ్చింది. మా ఊరి నరసన్న ఒక్కడే దిగాడు. వాళ్ళ అమ్మకు బాగలేక ఆ చేను నుంచే వస్తున్నాడు.

"యాడప్పా అంజలి?" అన్నాను.

"చేను తెగలేదు మేడమ్. ఇంకా ఎకరన్నర ఉండాది. అయినా శివన్న పంపిస్తానన్యాడు. నిన్న మాపటికి ఆ పిల్ల సంచి సర్దుకుని కూర్చున్యాది. నాగక్కకి చలిజ్వరం పట్టుకున్యాది, లేసి నిలబడలేకపోయ. జతలో ఇద్దరూ లేకుంటే ఎట్లని ఆ పిల్లే సంచి లోపల పెట్టేసింది."

"శివన్న ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఏమన్లేదు."

"మేస్త్రీ?"

"ఆయప్ప గూడా ఏమన్లేదు మేడమ్. ఎవురూ ఏమన్లేదు."

పది దాకా గేటు తీసే ఉంచారు. తరువాత మూశారు. మా బడి నుంచి ఇరవై ఇద్దరు రాయాలి. పత్తి కాగానే వచ్చేసినవాళ్ళూ, ముసలివాళ్ళ దగ్గర వదిలిపోయినవాళ్ళూ కలిసి ఇరవై ఒక్కరు వచ్చారు. పదింబావుకు సూపరింటెండెంటు మా బడి తరఫు మనిషి రావాలని కబురు పంపాడు. గైర్హాజరు కాగితం మీద సంతకం కావాలి.

"ఈ అమ్మాయి ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు. "మీ బడి పంపిన లెక్కలో నూటికి తొంభై ఆరు హాజరుంది. బాగా చదివే పిల్లే అయ్యుంటుంది."

"బాగా చదివే పిల్లే సార్," అన్నాను.

నంబరు పక్కన నా సంతకం పెట్టాను. ఈ ఏడాది అంజలి లేదని నేను సంతకం పెట్టిన మొదటి కాగితం అది.

ఒక్క పేపరు తప్పినా ఈ ఏడు పాసు కాదు. జూన్‌లో మీ ట్రస్టు ఆయనకు చూపించడానికి ఏమీ ఉండదు. అది నాకు తెలుసు, సారుకూ తెలుసు.

రేపు తెలుగు రెండో పేపరు. హాల్ టికెట్ అంజలి దగ్గరే ఉంది. గుంతకల్లు బస్సు ఎనిమిది ముప్పావుకే వస్తుంది. నేను గేటు దగ్గరుంటాను.

హంపమ్మ